ఆకుపచ్చకి నాలుగు ముళ్లు

పదకొండింటికి వస్తానన్నాడు, అంటే పదకొండింటికే వస్తాడు, ఆ మనిషికి ఉన్న చెడ్డ అలవాటు అదొక్కటే అనుకుంటూ ఆయన మెట్ల కింద, మోటార్‌సైకిల్ పక్కన, పాత గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. లోపలి గోడగడియారం ఇక్కడికి కనపడదు గాని వినపడుతుంది, ఇందాకే పది కొట్టింది. గంట ఉంది. ఈ గంటలో వైర్లలో తప్పెక్కడుందో దొరికితే సరే, దొరక్కపోతే వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్, చెవి మీద ఎప్పుడూ టెస్టర్ పెట్టుకుని తిరుగుతాడని అందరూ టెస్టర్ అనే పిలిచే ఆ మనిషి, కొత్త వైరింగ్ సెట్ చంకన పెట్టుకుని వస్తాడు, హెడ్‌లైటు నుంచి నంబరు ప్లేటు దాకా ఉన్న పాత వైర్లన్నీ కత్తిరించి చుట్టచుట్టి పట్టుకుపోతాడు. "మాస్టారూ, ఇందులో వైర్ల కంటే అతుకులెక్కువ. దీన్ని బాగుచేయడం నా వల్ల కాదు, మార్చడమైతే గంట పని" అన్నాడు మొన్న సీటు ఎత్తి చూసి. ఆయన ఏమీ అనలేదు. ముప్పయ్యేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి, జవాబు తెలియనప్పుడు నోరు మూసుకోవడం కూడా చదువేనని పిల్లలకి చెప్పుకుంటూ వచ్చిన మనిషి. అతుకులెక్కువన్న మాట నిజం. ప్రతి అతుకు పక్కనా చిన్న చిన్న దారపు ముళ్లున్నాయి. ఆ ముళ్లు వేసిన మనిషి, ఆయన భార్య, పోయి ఐదు నెలలైంది. కత్తిరించినవాటిలో ముళ్లు కూడా పోతాయని టెస్టర్‌కి ఎలా చెప్పడం. ఏం ముళ్లు, ఎందుకు ముళ్లు అని అడిగితే, ఆ సంగతి అసలే చెప్పకూడనిది.

తప్పు ఉందని కూడా పోయిన ఆదివారం దాకా ఆయనకి తెలియదు. పక్క పేటలో ఉండే కూతురు స్కూటరు మీద ఆయన వెనకాలే వచ్చింది, మబ్బుగా ఉండి ఇద్దరూ లైట్లు వేసుకునే వచ్చారు, ఇల్లు చేరాక ఆ పిల్ల హెల్మెట్ తీయకుండానే మొదలుపెట్టింది. "నాన్నా, నువ్వు బ్రేకు వేస్తే వెనక వెలగట్లేదు. కుడికి తిరుగుతున్నానని ఇండికేటర్ వేస్తే కుడిపక్కా మినుకుమంటోంది, ఎడమపక్కా మినుకుమంటోంది, మధ్యలో అసలు లైటు ఆరిపోతోంది. నీ వెనకొచ్చేవాడు నువ్వెటు పోతావనుకోవాలి?" "కాస్త ఆగితే తెలుస్తుంది గదా" అన్నాడు ఆయన. "వెనకొచ్చేది లారీ అయితే ఆగదు నాన్నా." తల్లి పోలికే, నవ్వించి తప్పించుకుందామంటే నవ్వదు, నవ్వినా వదలదు. వైరింగ్ మార్పించు, లేదంటే తాళం నాకివ్వు అంది. టెస్టర్‌ని పిలిచిందీ తనే. ఇవాళ సెలవని పొద్దున్నే వచ్చి లోపల అల్మరా సర్దుతోంది. సర్దడం వంక, అసలు వచ్చింది ఈయన ఏదో సాకు చెప్పి టెస్టర్‌ని వెనక్కి పంపేయకుండా కాపలాకి. తలుపులు తీస్తున్న చప్పుడు, మూస్తున్న చప్పుడు. ఏ బట్టలు తీస్తోందో. తీయనీ.

ఎన్నాళ్లుగా ఇలా ఉంది అని కూతురు అడిగింది. ఎవరి బండి వెనక భాగం వాళ్లకి కనపడదు కదా. ఆయన చీకట్లో బండి తీయడు, పగటి వెలుగులో ముందు ఏ బల్బు మినుకుమన్నా తెలియదు, ఇక వెనక సంగతి చూడడానికి ఎప్పుడూ ఒక మనిషి ఉండేది. రిపేరు అయిన ప్రతిసారీ బండి వెనక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది, ఆయన పెడలు నొక్కి వదిలి నొక్కేవాడు, "వచ్చింది, పోయింది, వచ్చింది" అనేది, హాజరు పట్టీ పిలుస్తున్నట్టు. "ఎడమ?" "వచ్చింది." "కుడి?" "వచ్చింది. ఇక చాలు మాస్టారూ, బ్యాటరీ అయిపోతే అప్పుడు నన్ను తోయమంటారు." పెళ్లైన దగ్గర్నించీ మాస్టారూ అనే పిలిచేది. మొదట్లో వేళాకోళానికి, తర్వాత అలవాటుగా, కోపం వచ్చినప్పుడు మాత్రం ఏమీ పిలిచేది కాదు.

ఆయన టేపు విప్పాడు. సీటు తీసేసిన చోట, బ్యాటరీ పక్కన, వైర్ల కట్ట పేగుల్లా బయటపడింది. బ్యాటరీ ఆమ్లం వాసన, దుమ్ము వాసన, పాత రబ్బరు వాసన. ఇటు నుంచి ఐదు వైర్లు వచ్చి ఇక్కడ తోక వైపు ఐదు వైర్లతో కలుస్తాయి. పసుపు, నీలం ఆయనకి తెలుసు. మిగతా మూడూ నలుపట, చాక్లెట్ రంగట, ముదురు ఆకుపచ్చట. లోకానికి మూడు రంగులు. ఆయనకి మూడూ ఒకటే, వాన వెలిశాక బడి గ్రౌండు ఉంటుందే, ఆ బురద రంగు. ఈ సంగతి లోకంలో ఒకే ఒక్క మనిషికి తెలుసు, ఆ మనిషికీ ఆయన చెప్పలేదు, ఆవిడే కనిపెట్టింది. పెళ్లైన మూడో నెలలో, పెరట్లో టమాటాలు పండాయి కోసుకురమ్మంటే, గిన్నెడు కోసుకొచ్చి బల్ల మీద పెట్టి మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు. ఆవిడ గిన్నెలోకి చూసింది, ఆయన మొహంలోకి చూసింది, మళ్లీ గిన్నెలోకి చూసింది. ఒక్కటీ పండలేదు. "భలే ఏరారే, ఒక్క పండన్నా తగలకుండా" అని మాత్రం అంది. మర్నాడు బడికి బయల్దేరుతుంటే, "ఒక మేజోడు చాక్లెట్ రంగు, ఒకటి ఆకుపచ్చ. ఫ్యాషనా?" అంది. ఫ్యాషనే అన్నాడు ఆయన. సాయంత్రం రెండు దారపు ఉండలు తెచ్చి ఒళ్లో పెట్టింది. ఇవి రెండూ ఒకటేనా అంది. ఒకటే అన్నాడు. ఆవిడ దారపు ఉండలు తీసుకుని లేస్తూ, "సరే, నేనెవరికీ చెప్పను. మీరు నాకూ చెప్పలేదు" అంది. అంతే, ఆ విషయం మీద ఆ ఇంట్లో జరిగిన సంభాషణ మొత్తం అదే. మర్నాటి నుంచి మేజోళ్లు జతజతకీ పిన్ను గుచ్చి ఉండేవి. బడి ఆటల పోటీల రోజున పిల్లల జట్లకి పంచాల్సిన రిబ్బన్లకి ఒక జట్టు చివర మడత పెట్టి, ఒక జట్టు చివర కత్తిరించి, ఒక జట్టుది అలాగే వదిలి ఇచ్చేది. ఎందుకు దాచావు అని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి. మాస్టారి లోపం పిల్లలకి ఒక్కరోజు తెలిస్తే చాలు, ఏడాదంతా వాళ్లదే రాజ్యం. అది ముప్పయ్యేళ్ల కిందటి భయం. తర్వాత భయం పోయింది, దాచడం మిగిలింది. ఆవిడ పోయాక నెలరోజులు ఆయన వేర్వేరు మేజోళ్లు వేసుకుని బడికి వెళ్లాడు, ఎవరూ ఏమీ అనలేదు. దుఃఖమనుకున్నారు.

"నాన్నా, దొరికిందా?" కిటికీలోంచి కూతురు.

"ఇంకా."

"పది ముప్పావైంది."

"నీ గడియారం అరగంట ముందుంటుంది, మీ అమ్మలాగే." కిటికీ మూసుకుంది. ఇంకా ఇరవై నిమిషాలు కూడా కాలేదని ఆయనకి తెలుసు, ఆ పిల్లకీ తెలుసు.

రంగులు తెలియని మనిషి వైరింగ్ పని ఎందుకు పెట్టుకున్నాడంటే, బండితో పాటు ఒక పుస్తకం వచ్చింది, అందుకు. కూతురు పుట్టిన ఏడాది కొన్న బండి, అప్పటికే ఇంకొకరు వాడినది. పుస్తకం చివర రెండు పేజీల బొమ్మ, వైర్లన్నీ రంగురంగుల గీతలుగా. ఆయనకది ఒక చిక్కు లెక్కలా కనపడింది, అందమైన లెక్క, ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి మొదటికి రావాల్సిందే, రాకపోతే ఎక్కడో తప్పున్నట్టు. గీతలు కనపడతాయి గాని ఏ గీత ఏ గీతో తెలియదు. చంటిపిల్లని ఒళ్లో వేసుకుని ఆవిడ చదివి పెట్టేది, "ఇక్కణ్ణించి పసుపు ఇలా కిందకి పోయింది, బ్రేకు స్విచ్చి దగ్గర ఆగింది, మళ్లీ బయల్దేరింది, ఇంక ఈ ఎర్రది చూడండి, ఎవరింటికీ పోకుండా తిన్నగా బ్యాటరీకి పోయింది, బుద్ధిమంతురాలు." ఆవిడకి ప్రతి వైరూ ఒక మనిషే. ఆయన పని చేస్తుంటే పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చునేది, ఒళ్లో ఏదో కుట్టుపని, ఆయన తలెత్తకుండా వైరు చాపితే కుట్టుపనిలోంచి ఒకసారి కళ్లెత్తి, చాక్లెట్, అనేది. నలుపు, అనేది. ఒక్క క్షణం పట్టేది కాదు. ఒకసారి వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదని రెండు వారాలు వెళ్లింది, అప్పుడే ఏదో వైరు తెగింది, ఆయన తనంతట తనే ఊహించి కలిపాడు, ఆ రోజు నుంచి తాళం తిప్పితే హారన్ మోగేది. వారం రోజులు మోగించుకుంటూనే బడికి వెళ్లాడు. తిరిగొచ్చాక ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, పుస్తకాలు కుట్టే గట్టి దారం తీసి, పనికి కూర్చుంది. నేనెప్పుడూ ఇంట్లోనే ఉంటానా, లేనప్పుడు మీరేం చేస్తారు అంది. పసుపుకి ఒక ముడి, నీలానికి రెండు, చాక్లెట్‌కి మూడు, ఆకుపచ్చకి నాలుగు, ఎరుపుకి ఐదు. నలుపుకి ముడి లేదు, "దానికెందుకు, అది ఇంటికి పోయే దారి, ముడి పెట్టకూడదు" అంది. ముళ్లు ఊడకుండా పైన గోళ్ల రంగు చుక్క వేసి ఆరబెట్టింది. ఆ గోళ్ల రంగు ఏ రంగో ఆయనెప్పుడూ అడగలేదు. వాసన మాత్రం ఇప్పటికీ, టేపు విప్పితే, ఉన్నట్టే ఉంటుంది, ఉండదని తెలుసు.

ఇంటికి పోయే దారి. అదే ఇప్పుడు మూసుకుపోయింది, అంతవరకూ ఆయనకి అర్థమైంది. కరెంటు బయటికి వస్తే సరిపోదు, పని చేసి తిరిగి ఇల్లు చేరాలి, నల్ల వైరు పట్టుకుని బండి ఇనుములోకి, ఇనుము నుంచి బ్యాటరీలోకి. వెనక లైటు కరెంటుకి ఆ దారి దొరక్క, పక్కింటి గోడ దూకినట్టు, ముందున్న కుడి ఇండికేటర్‌లో దూరి అక్కణ్ణించి ఇల్లు చేరుతోంది. అందుకే బ్రేకు నొక్కితే వెనక వెలగకుండా ముందు కుడి ఇండికేటర్ గుడ్డిగా వెలుగుతోంది, అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తే కనపడింది. మరి ఏ నల్ల వైరు తెగింది? ఆయన చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టుకున్నాడు, ఒక కొస బ్యాటరీకి, రెండోది ఒక్కొక్క చోటా ఆనిస్తూ పోయాడు. ఇనుముకి ఆనిస్తే బల్బు ధగధగా. ఇటువైపు నల్ల వైరుకి, ముడి లేనిదానికి, ధగధగా. అతుకు దాటి తోకవైపు నల్ల వైరుకి, ముడి లేనిదానికి, అదీ ధగధగా. అంటే అతుకు గట్టిదే, దారి సరైనదే. ఈ వారంలో ఇది మూడోసారి ఇక్కడికి రావడం, మూడుసార్లూ ఇక్కడ అంతా బాగుందని ముందుకెళ్లిపోయాడు. ముడి లేనిది ముడి లేనిదాంతో కలిసింది, నాలుగు ముళ్లది నాలుగు ముళ్లదాంతో కలిసింది, వేళ్లతో తడిమితే చాలు. లైటు దగ్గరే ఏదో ఉండాలి. వెనక్కి జరిగి లైటు అద్దం విప్పాడు, మరలు నోట్లో పెట్టుకున్నాడు, నోట్లోంచి తీయండి మాస్టారూ పిల్లలు చూస్తే నేర్చుకుంటారు అనేది ఆవిడ, పిల్లలు లేనప్పుడు కూడా. బల్బు తీశాడు. బాగుంది. బల్బు కూర్చునే గూడుకి అతికిన వైరుంది, ఇంటికి పోయే వైరు. దానికి రంగు లేదు, ఆయనకి. వేలికి చుట్టుకుని మెల్లగా లాగాడు, ఎడమ చెయ్యి అతుకు దగ్గర ముడి లేని నల్ల వైరు మీద పెట్టి. కదల్లేదు. ఇంకాస్త లాగాడు. కదల్లేదు, దాని పక్కది కదిలింది. నాలుగు ముళ్లది.

తప్పు వేలు పెట్టాననుకున్నాడు. మళ్లీ లాగాడు. నాలుగు ముళ్లూ ఆయన వేళ్ల కింద చిన్న పురుగులా ఇటు పాకి అటు పాకాయి. ముడి లేని వైరు రెండో కొస వెతికితే కుడి ఇండికేటర్ దగ్గర తేలింది. ఇది కుదరదు. ఎక్కడో మధ్యలో మెలికపడి ఉంటుంది, ఒకటి లాగితే ఇంకొకటి కదులుతోంది. బల్బు అబద్ధం చెప్పొచ్చు, వేలు అబద్ధం చెప్పొచ్చు, పాతికేళ్లకి పైగా ఆవిడ చెప్పిన రంగు ఒక్కటి తప్పింది లేదు. లోపల ఏదో డబ్బా కింద పడింది, మూత దొర్లుకుంటూ పోయి ఎక్కడో ఆగింది. ఆయన బల్బు మళ్లీ గూట్లో పెట్టి, అద్దం బిగించి, ఒక వైరు ముక్క తీసుకుని, నాలుగు ముళ్లదాన్ని ఇనుముకి కలిపి, చేత్తో బ్రేకు పెడలు నొక్కాడు. వెనక గోడ మీద వెలుగు పడింది. వదిలాడు, పోయింది. నొక్కాడు, వచ్చింది. సున్నం గోడ మీద అంత వెలుగు, ఏ రంగో, ఎంతకాలంగా రానిదో. తప్పు దొరికింది. తోక వైపున నల్లదానికి ఆకుపచ్చ ముళ్లున్నాయి, ఆకుపచ్చదానికి ముడి లేదు. ఆవిడ తప్పు చెప్పింది.

పోయినేడు వానాకాలం. సీటు కింద ఎలుకలు దూరి తోక వైర్లన్నీ కొరికేశాయి, ఆయన ఇలాంటిదే ఇంకో పాత బండి నుంచి తీసిన ముక్క ఒకటి తెచ్చాడు, ఇక్కడే, ఈ మెట్ల కిందే కూర్చున్నారు. ఆవిడ బకెట్టు మీద కూర్చోలేదు ఆ రోజు. బండి కాస్త వాకిట్లోకి జరపరాదూ అంది, వాన పడుతోందే అన్నాడు, అయితే వెలిసిందాకా ఆగుదాం అంది, ఎందుకు, ఎప్పుడూ ఇక్కడేగా అన్నాడు. ఆయన వైరు చాపాడు. జవాబు రాలేదు. తలెత్తి చూస్తే ఆవిడ వైరుని కళ్ల దగ్గరికి తీసుకుని, వేళ్లతో నలుపుతోంది, అటూ ఇటూ తిప్పుతోంది. "చూస్తే చాలు, వాసన చూడక్కర్లేదు" అన్నాడు. నవ్వింది. నవ్వి, నలుపు, అంది. అప్పటికే అన్నీ ఆలస్యంగా చెబుతోంది, విసుగనుకున్నాడు, పాతికేళ్లు ఒకే పని చేస్తే ఎవరికైనా విసుగు రాదా అనుకుని, అందుకు కాస్త నొచ్చుకున్నాడు కూడా. ఒకదాని వెనక ఒకటి, పిలవకుండానే వస్తున్నాయి. కుర్చీ కిటికీ పక్కకి లాక్కుని కూర్చోవడం. పేపరు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, మీరు చదవండి, మీ గొంతు బాగుంటుంది అనడం, ఆ మాటకి ఆయన లోలోపల ఎంత పొంగిపోయాడో, వారం రోజులు వాతావరణ సూచన కూడా వదలకుండా చదివాడు. సూదిలో దారం ఎక్కించమని పక్కింటి కోడల్ని పిలవడం. చొక్కా గుండీలు వేలితో తడిమి ఏరడం. గ్లాసు నిండి పొర్లినా నీళ్లు పోస్తూనే ఉండడం, ధ్యాస ఎక్కడుందోయ్ అంటే, మీ మీదే అనడం. అన్నీ ఆయన చూశాడు. చూసినవి చూసినట్టే కూడుకుంటూ వస్తే పిల్లలకి కూడా వచ్చే మొత్తం అది. ఆయన కూడలేదు.

బకెట్టు మీద కూర్చుని కళ్లెత్తి ఒక్క మాటలో చెప్పేసే మనిషి, ఆ రోజు రెండు వైర్లు రెండు చేతుల్లో పట్టుకుని, ఏది ఏదో తెలియక, సగానికి సగం అవకాశం మీద ఒకటి ఎంచుకుంది. ఎంచుకుని, దానికి తగ్గట్టు నాలుగు ముళ్లు వేసింది, చూపు అక్కర్లేకుండా వేళ్లతోనే, ఎప్పుడూ వేసేంత బిగువుగా, పైన చుక్క కూడా పెట్టింది. తర్వాత వెనక నిలబడి, వచ్చింది, పోయింది, అంది. పెడలు టక్కుమన్న చప్పుడు విని అందేమో. ఆ తర్వాత నెలల తరబడి అదే బండి మీద, ఆయన వెనక, ఆ వెలగని దీపం మీదే కూర్చుని తిరిగింది. ఆయన పెడలు మీంచి చెయ్యి తీసేశాడు. చెబితే ఏమయ్యేది. చెబితే ఏమీ అయ్యేది కాదు, వాన వెలిసిందాకా ఆగేవాళ్లు, లేకపోతే పక్కింటి కోడల్ని పిలిచేవాళ్లు, పిలిస్తే ఆయన సంగతి పక్కింటికి తెలిసేది. అదీ. ఆయన సంగతి దాయడానికి ఆవిడ తన సంగతి దాచింది. కోపం వద్దామని చూసింది గాని, ఎవరి మీద రావాలో తేలక వెనక్కి పోయింది.

కూతురు టీ తెచ్చి కింది మెట్టు మీద కూర్చుంది. గ్లాసు అందించి ఆయన మొహం చూసింది. "దొరకలేదా? పోనీలే నాన్నా, ఎలాగూ మార్చేస్తున్నాడుగా."

"దొరికింది."

"మరి అలా ఉన్నావేం?"

ఆయన గ్లాసు కింద పెట్టి, రెండు వైర్లు పట్టి చూపించాడు. "ఇవి ఏ రంగులు?"

"నీకు తెలీదా?"

"తెలీదు." ఎంత చిన్న మాటో, ఎంత బరువో. "నాకు రంగులు తెలియవు. కొన్ని. మొదట్నించీ తెలియవు. మీ అమ్మ చెప్పేది. ఈ ముళ్లు అందుకే."

కూతురు వైర్ల వంక చూసింది, ముళ్ల వంక చూసింది. "అమ్మ చెప్పేదా." ఒక ముడి మీద వేలు పెట్టి, "ఇది ఎప్పుడు చేశారు?" అంది.

"పోయినేడు వానల్లో."

ఆ పిల్ల చేత్తో నోరు మూసుకుంది. ఏడుస్తోందనుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి, చూస్తే నవ్వు, కళ్లలో నీళ్లు, ఏది ముందొచ్చిందో. "పోయినేడు వానల్లో అమ్మకి రెండు కళ్లల్లోనూ శుక్లాలు నాన్నా. నేనే తీసుకెళ్లా డాక్టరు దగ్గరికి. ముదురు రంగులన్నీ ఒకేలా ఉంటున్నాయే అంటేనూ. ఆపరేషన్ చేయించుకోమంటే, మీ నాన్న బళ్లో పరీక్షలు అవనీ అంది. తర్వాత ఫలితాలు రానీ అంది. ఈలోపు ఆ జ్వరం. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది."

"ఎందుకు చెప్పొద్దంది?"

"ఆయనకి నా కళ్లతో పనుందే, తెలిస్తే అడగడం మానేస్తారు అంది. నాకేం అర్థమవుతుంది? నువ్వు పేపరు చదివించుకుంటావేమో అనుకున్నా."

"నేనే చదివేవాణ్ణి, ఆవిడకి."

"అంటే ఇద్దరికీ కనపడదు, ఇద్దరూ కనపడుతున్నట్టే కూర్చుని ఈ పని చేశారు."

"అతుకు మాత్రం గట్టిగానే పడింది" అన్నాడు ఆయన. ఆ పిల్ల ఈసారి దాచుకోకుండా నవ్వింది, ఆయనకీ వచ్చింది, ఐదు నెలల తర్వాత రావడం వల్ల దారి మరిచిపోయి దగ్గులా వచ్చింది. తెలిస్తే అడగడం మానేస్తారు. మానేసేవాడే. ఇంకెప్పుడూ వైరు చాపేవాడు కాదు, ఆవిడ బకెట్టు మీద ఊరికే కూర్చునేది, కొన్నాళ్లకి కూర్చోవడమూ మానేసేది. అన్నీ ముందే కూడి చూసుకుంది ఆవిడ, మొత్తం తప్పకుండా. ఆ పిల్ల ఆయన చేతిలోంచి వైర్లు తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. "నలుపుకి నాలుగు ముళ్లు, ఆకుపచ్చకి లేవు. తారుమారైంది, అంతేగా?" అంతే అన్నాడు. లోపల గడియారం కొట్టడం మొదలుపెట్టింది, పదకొండూ అయ్యేలోపే గేటు చప్పుడైంది.

టెస్టర్ వస్తూనే వైరింగ్ సెట్ మెట్టు మీద పెట్టి, జేబులోంచి కత్తెర తీశాడు. "కత్తెర వద్దు" అన్నాడు ఆయన. "ఒక్క అతుకు విప్పి, రెండు వైర్లు అటూ ఇటూ మార్చాలి. మిగతాదేదీ ముట్టుకోవద్దు."

"చూసి చెబుతున్నారా మాస్టారూ, ఊహించి చెబుతున్నారా?"

"చూసి కాదు. నాకు రంగులు కనపడవు." రెండోసారికి ఆ మాట బరువు తగ్గింది.

టెస్టర్ కత్తెర జేబులో పెట్టుకున్నాడు. "మా పెద్దన్నకీ అంతే. వాడు పెయింటర్ అయ్యాడండీ, అదీ మా ఖర్మ. ఒక ఇంటికి గేటు వేశాడు, ఇప్పటికీ ఆ వీధిలో ఎవరికి అడ్రసు చెప్పాలన్నా ఆ గేటే గుర్తు. ముందే చెబితే ఈ సెట్ కోసం ఊరంతా తిరిగేవాణ్ణి కాదు గదా." గోనెసంచి మీద గొంతుకిళ్లా కూర్చుని, చెవి మీంచి టెస్టర్ తీసి, ఐదు నిమిషాల్లో అతుకు విప్పి మార్చాడు. కూతురు బండి వెనక్కి వెళ్లి నిలబడింది. ఆయన పెడలు నొక్కాడు. "వెలిగింది నాన్నా." కుడి వేశాడు. "కుడి ఒక్కటే." ఎడమ. "ఎడమ ఒక్కటే. లైటు ఆరట్లేదు." ఆయన ఇంకోసారి నొక్కాడు, అక్కర్లేకపోయినా. కూతురు ఇంకోసారి చెప్పింది.

టేపు చుట్టబోతూ టెస్టర్ ఆగి, గోరుతో ముళ్లు గీకాడు. "ఈ దారాలు తీసేస్తానండీ. నల్లదానికుండి, ఆకుపచ్చదానికి లేకపోతే తప్పే కదా."

"తప్పే. ఉండనీ."

"మరి మళ్లీ ఎప్పుడన్నా విప్పాల్సొస్తే నాకెలా తెలుస్తుంది?"

అది న్యాయమైన ప్రశ్న. ఆయన జరిగి అతని పక్కన సర్దుకుని కూర్చున్నాడు, కూతురు కూడా వచ్చి వంగింది. "కళ్లు మూసుకో" అన్నాడు. టెస్టర్ ఒకసారి అమ్మాయి వంక చూసి, నవ్వాపుకుంటూ మూసుకున్నాడు. ఆయన అతని చూపుడువేలు పట్టుకుని ఒక్కొక్క వైరు మీద పెడుతూ పోయాడు. "పసుపుకి ఒకటి. నీలానికి రెండు. చాక్లెట్‌కి మూడు. నలుపుకి ఉండదు, అది ఇంటికి పోయే దారి. ఆకుపచ్చకి నాలుగు." నాలుగు ముళ్లూ ఆ వేలి కిందుగా ఒక్కొక్కటే పోయాయి. చివరిదాని మీద ఆయన కాసేపు ఆపాడు.

"ఈ ఒక్కచోట తప్ప."